మూడు గంటల బడి

పోయిన వారం ఎపిసోడ్ విన్నవాళ్ళకి ఈ కథ సగం తెలుసు. మైకు ముందు కూర్చుంటే నేను తేదీలు తారుమారు చేస్తానని, చెప్పే కథ మధ్యలో వదిలేసి వేరే దారి పట్టేస్తానని మీలో చాలామంది మర్యాదగానే చెప్పారు. అందుకే ఈసారి ట్రాన్‌స్క్రిప్టు ఉన్నదున్నట్టు పెట్టకుండా, తీరిగ్గా కూర్చుని మళ్ళీ రాస్తున్నాను. మాట్లాడేటప్పుడు వదిలేసిన సంగతులు కొన్ని ఇందులో కలిశాయి.

దీనంతటికీ మూలం మా అమ్మాయి తెచ్చిన ఒక ఫారం. ఇక్కడ జొహానెస్‌బర్గ్‌లో తొమ్మిదో గ్రేడు పిల్లలు పదికి వెళ్ళేముందు సబ్జెక్టులు ఎంచుకోవాలి. మా అమ్మాయి లైఫ్ సైన్సెస్‌కి, అకౌంటింగ్‌కి టిక్కు పెట్టి, మూడోదిగా కన్స్యూమర్ స్టడీస్ పెట్టింది. అంటే తిండి, బట్ట, ఇల్లు, డబ్బు వాడకం. పుస్తకంతో పాటు వంటో కుట్టుపనో చేసి చూపించాలి. నా మొహం మారింది. "ఫిజికల్ సైన్సెస్ ఉందిగా?" అన్నాను. సాయంత్రం చీరాలకి వీడియో కాల్ చేస్తే మా అమ్మ నాకంటే ఒక అడుగు ముందుంది. "వంట నేర్చుకోవడానికి బడెందుకురా? అదీ ఫీజు కట్టి!" అంది. నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. ఫోన్ పెట్టేసే ముందు ఒక్క మాట అడిగారు.

"ఆ క్లాసులో ఎవరి పిల్లలు కూర్చుంటారు?"

అప్పుడు నాకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. ఈ ఎపిసోడ్ కోసం చదువుతూ పోతే కొంత అర్థమైంది.

జొహానెస్‌బర్గ్ నుంచి నైరుతిగా వెళ్తే లాలీ అనే స్టేషన్ ఉంది. దాని దగ్గర 1100 ఎకరాల తోటని 1910 మే నెలాఖరులో హెర్మన్ కాలెన్‌బాక్ అనే ఆర్కిటెక్టు సత్యాగ్రహులకి అద్దె లేకుండా ఇచ్చాడు. గాంధీకి ప్రాణస్నేహితుడు, జర్మన్ యూదు. ఆ తోటకి టాల్‌స్టాయ్ ఫార్మ్ అని పేరు పెట్టారు. ఇప్పుడక్కడ పాత ఇంటి ఆనవాళ్ళు తప్ప చూడ్డానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. అప్పట్లో వెయ్యి దాకా పండ్ల చెట్లు, రెండు బావులు, ఒక చిన్న ఊట, గుట్ట కింద అరడజను మంది పట్టే ఇల్లు ఉండేవి.

ఫార్మ్ పెట్టింది ఏదో విద్యా ప్రయోగం చేద్దామని కాదు. ఈ సంగతి మనం తరచూ మర్చిపోతాం. ట్రాన్స్‌వాల్‌లో భారతీయులంతా వేలిముద్రలేసి రిజిస్టరు కావాలన్న చట్టం మీద పోరాటం అప్పటికి నాలుగో ఏట పడింది. మగవాళ్ళు జైలుకి వెళ్తుంటే ఇళ్ళల్లో పొయ్యి వెలగడం కష్టమైంది. ఒక్కో కుటుంబానికీ నెలనెలా డబ్బివ్వడం ఉద్యమం వల్ల కాలేదు. అందరూ ఒకచోట ఉండి, చేతనైనంత వరకు అన్నీ తామే చేసుకుంటే ఖర్చు తగ్గుతుంది. ముందు లెక్క అదీ. నౌకర్లు వద్దన్న నియమం దాని పక్కనే పుట్టింది. వంట, పాయిఖానా శుభ్రం, చెట్ల పని, ఇళ్ళ కట్టడం, ఏదీ కూలికివ్వలేదు. తప్పనిసరి అనుకున్న మేస్త్రీ పనికి, వడ్రంగం పనికి మాత్రం తెలిసినవాళ్ళని పిలిచి, కుర్రాళ్ళు వాళ్ళకి అందింపు పని చేశారు. రేకుల షెడ్లు రెండు నెలల్లో లేచాయి.

అక్కడ ఎవరున్నారు? దక్షిణాఫ్రికా సత్యాగ్రహం మీద గాంధీ రాసిన పుస్తకంలో ఆ లెక్క ఉంది. గుజరాత్, తమిళనాడు, ఆంధ్రదేశం, ఉత్తరాది నుంచి వచ్చినవాళ్ళు. హిందువులు, ముస్లింలు, పార్సీలు, క్రైస్తవులు. కుర్రాళ్ళు ఓ 40 మంది, పిల్లలు 20 నుంచి 30 మంది, వాళ్ళలో ఆడపిల్లలు నలుగురైదుగురు. ఆంధ్రదేశం అన్న మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. అంటే మనవాళ్ళు ఉన్నారు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలని తెచ్చి డర్బన్‌లో దింపిన దగ్గర్నుంచీ మనవాళ్ళు ఇక్కడ ఉన్నారు కాబట్టి అందులో వింతేం లేదు. వింతేమిటంటే, ఫార్మ్ బడిలో నేర్పిన భాషల్లో హిందీ, తమిళం, గుజరాతీ, ఉర్దూ, ఇంగ్లీషు ఉన్నాయిగానీ తెలుగు లేదు. 1903లో మొదలైన ఇండియన్ ఒపీనియన్ పత్రిక కూడా నాలుగు భాషల్లో వచ్చింది. అందులోనూ లేదు. ఫార్మ్‌లో పారిశుద్ధ్యం, బజారు పని చూసిన తంబి నాయుడికి తెలుగు కొంత వచ్చు, కానీ అక్షరాలు రావు అని గాంధీయే రాశారు. మనం ఈ దేశంలో చేతిపనుల చరిత్రలో ఉన్నాం, అచ్చు చరిత్రలో మాత్రం ఎప్పుడూ అంచునే ఉన్నాం. సరే, ఇది ఇంకో ఎపిసోడ్ సంగతి.

పిల్లలు ఏం నేర్చుకున్నారో చూడండి. పొద్దున్న పూటంతా పనే. గుంటలు తవ్వడం, చెట్లు నరకడం, బరువులు మొయ్యడం. గోధుమలు ఇనప తిరగలిలో చేత్తో విసరాలి, ఆ పిండితో రొట్టె కాల్చాలి. వేరుశెనగలు వేయించి రుబ్బి వెన్నలాంటి ముద్ద చేసేవాళ్ళు. నారింజలు తోటలోనే దండిగా ఉంటాయి కాబట్టి మార్మలేడ్ ఇంట్లోనే. తినడానికి చెక్క చెంచాలు కూడా అక్కడే చెక్కారు. బట్టలు జైలు బట్టల మాదిరి ముతక నీలం గుడ్డతో ఆడవాళ్ళు కుట్టారు. పాయిఖానా మట్టి గుంటలో పూడ్చి ఎరువు చేసేవాళ్ళు. అంతమంది ఉన్నా ఎక్కడా చెత్తగానీ వాసనగానీ ఉండేది కాదని గాంధీ కొంచెం గర్వంగానే రాసుకున్నారు.

సొంత పని మీద జొహానెస్‌బర్గ్ వెళ్ళాలంటే నడవాలి. రైలెక్కితే డబ్బు ఖర్చు. దూరం 21 మైళ్ళు. తెల్లారగట్ట రెండింటికి బయల్దేరి, ఇంట్లో చేసిన రొట్టె, వేరుశెనగ ముద్ద మూటకట్టుకుని పోయేవాళ్ళు. పోవడానికి ఆరేడు గంటలు పట్టేది. బాగా గట్టివాళ్ళు 4 గంటల 18 నిమిషాల్లో చేరారట. ఇది చదివాక నేను సూపర్‌మార్కెట్‌కి కారు తియ్యడానికి రెండు రోజులు సిగ్గుపడ్డాను. మూడో రోజు వాన పడింది.

ఇక చెప్పులు. కాలెన్‌బాక్ డర్బన్ దగ్గర పైన్‌టౌన్ పక్కనున్న మారియన్‌హిల్ మఠానికి వెళ్ళి చెప్పులు కుట్టడం నేర్చుకుని వచ్చాడు. 1882లో జర్మన్ ట్రాపిస్టు సన్యాసులు కట్టిన మఠం అది. మాట్లాడకుండా మౌనంగా పనిచేసే సాధువులు. కమ్మరం, వడ్రంగం, తోలు పని, అచ్చు పని, అన్నిటికీ షెడ్లు పెట్టి జూలూ పిల్లలకి నేర్పేవాళ్ళు. గాంధీ 1895లోనే అక్కడికి వెళ్ళి చూసి మురిసిపోయి రాశారు. కాలెన్‌బాక్ నేర్చుకొచ్చినది గాంధీకి నేర్పాడు. గాంధీ ఇష్టమున్న పిల్లలకి నేర్పారు. వడ్రంగం కూడా కాలెన్‌బాక్‌కి కొంత వచ్చు, దానికో చిన్న క్లాసు నడిచింది. వంట దాదాపు అందరు కుర్రాళ్ళకీ వచ్చు.

మనూళ్ళల్లో తోలు పని ఎవరు చేస్తారో, ఆ చేసేవాళ్ళ ఇళ్ళు ఊరికి ఏ దిక్కున ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. పోరుబందరు దివాను గారి కొడుకు, కోమటి కులంలాంటి వైశ్య కులంలో పుట్టినవాడు, తోలు కోసి, ఆరె పట్టి, చెప్పు కుట్టి, దాన్ని పిల్లలకి పాఠంగా చెప్పాడు. నాయుళ్ళ పిల్లలు, పటేళ్ళ పిల్లలు, ముస్లింల పిల్లలు ఒక్క బల్ల దగ్గర కూర్చుని అదే తోలు కోశారు. ఇండియాలో 1911లో ఏ పల్లెబడిలోనైనా ఇలా జరిగితే ఆ సాయంత్రానికి బడి ఖాళీ అయ్యేది. సముద్రం దాటాక కులం పూర్తిగా పోలేదు, ఇప్పటికీ పోలేదు. కానీ ఓడలో అందరూ ఒకే కుండలో తినొచ్చినవాళ్ళ మనవలకి ఇది కాస్త తేలికైందని నా అనుమానం.

ఇంకో నియమం ఉంది. మాస్టారు చెయ్యని పని పిల్లలకి చెప్పకూడదు. ఏ పనికైనా పిల్లలతో పాటు ఒక పెద్ద మనిషి పక్కన నిలబడి చెయ్యాల్సిందే. పిల్లలు గుంట తవ్వుతుంటే మాస్టారు గొడుగు కింద కూర్చోవడం కుదరదు.

ఇంతవరకు అంతా బాగుంది. ఇప్పుడు రెండో పక్క.

పొద్దునంతా పని కాబట్టి చదువు మధ్యాహ్నం భోజనం తర్వాతే. మహా అయితే మూడు పీరియడ్లు. అప్పటికి అందరూ అలిసిపోయి ఉంటారు. పిల్లలు కునికేవాళ్ళు, మాస్టార్లూ కునికేవాళ్ళు. కళ్ళ మీద నీళ్ళు చల్లుకుని పాఠం చెప్పేవాళ్ళు. తమిళం, ఉర్దూ చెప్పింది గాంధీయే. ఆ రెండు భాషలూ ఆయనకి అంతంత మాత్రమే వచ్చు. తమిళ పిల్లలు ఇక్కడే పుట్టినవాళ్ళు, వాళ్ళకీ లిపి రాదు కాబట్టి బండి నడిచింది. పుస్తకాలు పెద్దగా వాడలేదు. ఇవన్నీ ఆయన ఆత్మకథలో దాచకుండా రాశారు.

దాచకుండా రాసిన ఇంకో సంగతి, ఆయన సొంత కొడుకుల కోపం. మా నాన్న మమ్మల్ని చదివించలేదు అన్న బాధ వాళ్ళకి ఉండిపోయింది. పెద్దవాడు హరిలాల్ ఉద్యమంలో పదే పదే జైలుకెళ్ళినవాడు. 1911లో చదువుకుంటానని తండ్రిని విడిచి వెళ్ళిపోయాడు. తండ్రి లండన్‌లో బారిస్టరు చదివాడు, కొడుకులకి తిరగలి ఇచ్చాడు. ఎపిసోడ్‌లో నేను ఈ మాట అన్నందుకు ఒకరిద్దరు శ్రోతలు నొచ్చుకున్నారు. నాకు గాంధీ మీద గౌరవం తక్కువేం కాదు. కానీ చేతిపని గొప్పదని చెప్పడం, అన్ని చదువులూ చూసి వచ్చినవాడికి తేలిక. ఏ చదువూ చూడనివాడికి అదే మాట తలుపు మూసినట్టు వినిపిస్తుంది.

ఈ మూడు పీరియడ్ల సంగతి గుర్తుపెట్టుకోండి. మళ్ళీ వస్తుంది.

చేతిపనుల బడి గాంధీ కనిపెట్టింది కాదు. డర్బన్ దగ్గర ఇనాండాలో, ఆయన 1904లో పెట్టిన ఫీనిక్స్ ఆశ్రమానికి కూతవేటు దూరంలో, జాన్ డూబే 1901 నుంచే ఒక బడి నడుపుతున్నాడు. దాని పేరు ఓలాంగే. వడ్రంగం, చెప్పుల పని, కుట్టుపని, అచ్చు పని, వ్యవసాయం నేర్పేవాళ్ళు. డూబే అమెరికాలో చదువుకున్నాడు. అక్కడ అలబామాలో బుకర్ టి. వాషింగ్టన్ 1881లో మొదలుపెట్టిన టస్కీగీని చూసి వచ్చాడు. బానిసత్వం నుంచి బయటపడిన కుటుంబాల పిల్లలు తమ బడి తామే కట్టుకున్న చోటది. ఇటుక బట్టీ మూడుసార్లు చెడిపోయింది. నాలుగోసారి పెట్టడానికి డబ్బుల్లేక వాషింగ్టన్ తన గడియారం తాకట్టు పెట్టాడు. ఆ నాలుగోది నిలబడింది. గాంధీ 1903లోనే ఇండియన్ ఒపీనియన్‌లో ఈయన గురించి మెచ్చుకుంటూ రాశారు. 1912లో గోఖలే వచ్చినప్పుడు ఓలాంగేకి తీసుకెళ్ళారు కూడా. కానీ ఇరుగుపొరుగు బళ్ళే అయినా, పిల్లలు మాత్రం విడివిడిగానే పెరిగారు. టాల్‌స్టాయ్ ఫార్మ్‌లో ఉన్నవాళ్ళంటూ గాంధీ ఇచ్చిన జాబితాలో ఆఫ్రికన్ పిల్లలు లేరు. ఆ రోజుల్లో ఆఫ్రికన్ల గురించి ఆయన రాసిన కొన్ని మాటలు ఇవాళ చదివితే తల దించుకోవాల్సిందే.

టస్కీగీ మీద అప్పుడే గొడవ మొదలైంది. డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ 1903లో సూటిగా అడిగాడు. నల్లవాళ్ళ పిల్లలందరికీ సుత్తి, కొడవలి ఇచ్చి పంపిస్తే వాళ్ళలో డాక్టర్లు, లాయర్లు, మాస్టార్లు ఎక్కణ్ణుంచి వస్తారు అని ఆయన వాదం. మా నాన్న అడిగింది కూడా ఇంచుమించు ఇదే. ఆయన డుబాయిస్ పేరు కూడా విని ఉండరు.

మనవాళ్ళకి ఇక్కడ ఎదురైన ఇబ్బంది ఇంకో రకం. 1922లో దక్షిణాఫ్రికాలో అప్రెంటిస్‌షిప్ చట్టం వచ్చింది. ఫిట్టరు, ఎలక్ట్రీషియన్, వడ్రంగి లాంటి పనుల్లో చేరాలంటే ఆరో స్టాండర్డు చదివి ఉండాలన్నారు. చూడ్డానికి రంగు ఊసు లేదు. కానీ అంతవరకు చదివించే బడి తెల్లవాళ్ళ పిల్లలకి ఉంది, మనవాళ్ళకీ ఆఫ్రికన్లకీ దాదాపు లేదు. అప్రెంటిస్‌లని తీసుకునే కమిటీల్లో తెల్ల యూనియన్లు ఉండేవి. చెరుకు తోటల్లో ఐదేళ్ళ గిరిమిటు చేసి వచ్చినవాళ్ళ మనవడికి పార పట్టడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. స్పానర్ పట్టడానికి మాత్రం అడ్డం.

అందుకే డర్బన్‌లో 1930ల నాటికే మనవాళ్ళు రాత్రి క్లాసులు పెట్టుకున్నారు. పగలు హోటల్లో, ఫ్యాక్టరీలో పనిచేసి రాత్రి వచ్చి నేర్చుకునేవాళ్ళు. దానికి సొంత కట్టడం కావాలని పెద్ద మొత్తం ఇచ్చినవాడు హాజీ ఎం.ఎల్. సుల్తాన్. 1890లో మలబారు తీరం నుంచి కూలీగా వచ్చి, తర్వాత తోట వేసుకుని పైకొచ్చినవాడు. 1946లో ఆయన పేరు మీద టెక్నికల్ కాలేజీ ఏర్పడింది. 2002లో అది ఇంకో సంస్థతో కలిసింది. అదే ఇవాళ్టి డర్బన్ యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ. మన శ్రోతల్లో కొందరి పిల్లలు అక్కడ చదువుతున్నారు. వాళ్ళ క్యాంపస్‌లో ఒకదానికి ఇప్పటికీ ఎం.ఎల్. సుల్తాన్ పేరుంది, ఎందుకని ఒకసారి అడిగి చూడండి.

ఈలోగా గాంధీ ఇండియా వెళ్ళిపోయారు. టాల్‌స్టాయ్ ఫార్మ్‌లో చేసినదాన్ని ఆయన మర్చిపోలేదు. 1937 అక్టోబరు 22, 23 తేదీల్లో వార్ధాలో సభ పెట్టి, ఏడేళ్ళ ఉచిత నిర్బంధ విద్య, మాతృభాషలో, ఒక చేతిపని చుట్టూ అల్లినదిగా ఉండాలన్నారు. జాకిర్ హుస్సేన్ అధ్యక్షతన కమిటీ వేసి సిలబస్ రాయించారు. మనవైపు బేసిక్ స్కూళ్ళు, తకిలీలు, క్రాఫ్టు పీరియడు ఇవన్నీ దాని పిల్లలే. పిల్లలు వడికిన నూలు అమ్మితే మాస్టారి జీతం వస్తుందని గాంధీ ఆశ. అదే సభలో ఆర్థికవేత్త కె.టి. షా లేచి, పిల్లలని చిన్న కూలీలని చేస్తారా, వాళ్ళ చేత పోటీ పెట్టించి నిజం చేతిపనివాళ్ళ పొట్ట కొడతారా అన్నాడు. నేత ఇంట్లో పుట్టిన నాకు షా మాటలే ఎక్కువ నచ్చాయి. కానీ గాంధీ బడిలో ఒక సంగతి మాత్రం నిలబడింది. బ్రాహ్మల పిల్లవాడూ వడకాలి, చాకలి పిల్లవాడూ వడకాలి. ఒకటే తకిలీ.

1953లో ఆ ఒక్క సంగతీ పోయింది.

మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ ఆ ఏడాది జూన్‌లో పల్లెటూళ్ళ ప్రాథమిక బళ్ళకి ఒక కొత్త పథకం తెచ్చారు. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం ఇంకా విడిపోలేదు, మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసులోనే ఉన్నాయి. బడి ఐదు గంటల నుంచి మూడు గంటలకి తగ్గించారు. రెండు షిఫ్టులు. మిగతా పూట పిల్లవాడు తండ్రి దగ్గర తండ్రి పని నేర్చుకోవాలి, ఆడపిల్ల తల్లి దగ్గర ఇంటి పని నేర్చుకోవాలి. రాజాజీ వైపు నుంచి చూస్తే కారణాలు లేకపోలేదు. బడి ఈడు పిల్లల్లో సగం మంది బయటే ఉన్నారు, కొత్త బళ్ళు కట్టడానికి డబ్బు లేదు. ఒకే గదిలో, ఒకే మాస్టారితో, రెండింతల పిల్లలని చదివించొచ్చు అని ఆయన లెక్క. పెరియార్ దానికి కులకల్వి అని పేరు పెట్టాడు, అంటే కులవిద్య. ఆ పేరే మిగిలింది. శాసనసభలో ఓట్లు సరిసమానం దాకా వెళ్ళాయి. 1954లో రాజాజీ దిగిపోయి కామరాజ్ వచ్చారు. పథకం రద్దయింది.

మా నాన్న పుట్టింది 1946లో, చీరాలలో. అంటే అప్పటికి ఏడేళ్ళు. మా ఇంట్లో గుంట మగ్గం. పథకం ఉన్నా లేకపోయినా ఆయన పొద్దున్న బడికి వెళ్ళేముందు కండెలు చుట్టేవారు, వచ్చాక మళ్ళీ కండెలే. ఆ పని ఆయనకి నేర్పడానికి ప్రభుత్వం అక్కర్లేదు. ఆయనకి కావాల్సింది ఆ పని లేని గంటలు. మా తాత ఆ గంటలు ఇచ్చాడు. పదో క్లాసు వయసు రాగానే మగ్గం మీద కూర్చోబెట్టమని చుట్టాలంతా అంటే, తనే రెండు పూటలా గుంటలో దిగి, కొడుకుని మాత్రం దిగనివ్వలేదు. నాన్న చదివి పోస్టాఫీసులో చేరారు. నాకు మగ్గం నేర్పలేదు. అడిగినా నేర్పలేదు.

అదే 1953లో, ఇక్కడ దక్షిణాఫ్రికాలో, బాంటూ ఎడ్యుకేషన్ చట్టం వచ్చింది. మంత్రి వెర్వోర్డ్ మనసులో మాట దాచలేదు. కొన్ని రకాల కూలిపనులకి మించి తెల్ల సమాజంలో ఆఫ్రికన్లకి చోటు లేదు, లేని చోటు కోసం వాళ్ళకి చదువెందుకు అని 1954లో పార్లమెంటులోనే అన్నాడు. చిన్న తరగతులని రెండు షిఫ్టులు చేశారు. రోజుకి మూడు గంటల బడి.

రాజాజీనీ వెర్వోర్డ్‌నీ ఒక గాటన కట్టడం అన్యాయం. ఒకరు తెచ్చిన పథకాన్ని ఓటర్ల ప్రతినిధులు ఏడాదిలో తిప్పికొట్టగలిగారు, ఇంకొకరు చేసినదాన్ని తిప్పికొట్టడానికి 1976లో సొవేటో పిల్లలు తుపాకులకి ఎదురెళ్ళాల్సి వచ్చింది. ఉద్దేశాలూ వేరు. కానీ టాల్‌స్టాయ్ ఫార్మ్‌లోనూ మూడు పీరియడ్లే, మద్రాసులోనూ మూడు గంటలే, ఇక్కడా మూడు గంటలే. గడియారంలో తేడా లేదు. ఫార్మ్‌లో పిల్లవాడు తన తండ్రిది కాని పని నేర్చుకున్నాడు, పక్కన మాస్టారు కొడుకు కూడా అదే పని చేస్తున్నాడు. మిగతా రెండు చోట్లా ఆ పథకం రాసినవాళ్ళ పిల్లలు వేరే బడిలో, పూర్తి రోజు చదువుకుంటున్నారు.

నా సంగతి కూడా చెప్పేస్తాను. నేను మెకానికల్ ఇంజినీరింగ్ చదివాను. మొదటి ఏడాది వర్క్‌షాప్ ల్యాబ్‌లో ఒక ఇనప ముక్కని ఆకురాయితో రుద్ది చతురస్రం చెయ్యాలి. మాలో సగం మందికి ఆ ముక్క ల్యాబ్ అటెండరే రుద్ది పెట్టేవాడు. ఏభై రూపాయలు. లేత్ మీద, వెల్డింగ్ మీద మా లెక్చరర్ కంటే ఆయన చెయ్యి నయం. మమ్మల్ని సార్ అని పిలిచేవాడు. మేం ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళం. రికార్డులో నాకు 25కి 23 వచ్చాయి. ఇక్కడికొచ్చిన మొదటి చలికాలం అద్దింట్లో గీజర్ పగిలి సీలింగు తడిసిపోతుంటే, నీళ్ళు ఎక్కడ కట్టెయ్యాలో తెలియక బకెట్ పట్టుకుని నిలబడ్డాను. పక్కింటావిడ, అరవై దాటిన మనిషి, గోడ దూకినంత పని చేసి వచ్చి వాల్వు తిప్పేసింది.

గాంధీ 1914లో దక్షిణాఫ్రికా వదిలి వెళ్తూ, తను కుట్టిన చెప్పుల జత ఒకటి జనరల్ స్మట్స్‌కి ఇచ్చారు. తనని జైల్లో పెట్టించిన మనిషికే. స్మట్స్ చాలా వేసవులు వాటిని తొడుక్కున్నాడు. 1939లో గాంధీకి 70 ఏళ్ళు నిండుతున్నప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ సంపాదకుడిగా వచ్చిన పుస్తకంలో ఆ సంగతి రాసి, అంత గొప్ప మనిషి చెప్పుల్లో కాలు పెట్టే అర్హత తనకి లేదన్నాడు. చెప్పులు తిరిగి పంపాడు. పాతికేళ్ళు నిలిచిన కుట్టు అంటే, మారియన్‌హిల్ సాధువులు పాఠం బాగానే చెప్పారన్నమాట.

ఫారం ఇవ్వాల్సిన ముందు రోజు మా అమ్మాయి తాతగారి ప్రశ్నకి జవాబు కనుక్కుని వచ్చింది. పై క్లాసువాళ్ళని అడిగి కాగితం మీద రాసుకుంది. ఇరవై ఆరు మంది. అందులో తొమ్మిది మంది మగపిల్లలు. ఒక డెంటిస్టు కొడుకు, మా కాంప్లెక్సు గేటు దగ్గరుండే గార్డు గారి కూతురు, ఇద్దరు అకౌంటెంట్ల పిల్లలు, ఆ సబ్జెక్టు చెప్పే టీచరు గారి సొంత కొడుకు. ఫోన్‌లో తాతకి చదివి వినిపించింది. ఆయన కాసేపు ఊరుకుని, "అయితే ముందు వంటా, కుట్టా?" అన్నారు. కుట్టుపని, ఏప్రాన్ కుట్టాలి అంది.

"గుడ్డ కత్తిరించేముందు పడుగు ఎటో, పేక ఎటో చూసుకో అమ్మా. రెండు వేళ్ళతో ఇటూ అటూ లాగి చూడు. సాగేది పేక. పడుగు నిలువునా రావాలి, లేకపోతే ఉతికాక ఒక పక్కకి లాగేస్తుంది."

మా అమ్మాయి తన స్కూలు చొక్కా అంచు పట్టుకుని లాగి చూస్తోంది. నేనూ నా చొక్కా లాగి చూశాను.